ముల్లు ఊగితే డ్రైవరుదే తప్పా?

కొల్లేరు చుట్టూ, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, దమ్ము రోజుల్లో ట్రాక్టరు డ్రైవర్లకు ఈ బాధ తెలిసిందే. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతుంది, మరుక్షణం కింద పడుతుంది. "ఇంజను కాల్చేశావ్" అంటూ ఆసామి కూలి కోస్తాడు.

సోదరులారా, ముందు ఇంజను ఆపి చల్లారనివ్వండి. వేడిమీద రేడియేటరు మూత తీశారో, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. చల్లారాక నీళ్లు చూడండి. తగ్గితే సెన్సారుకు ఆవిరి తగిలి ముల్లు ఊగుతుంది. జాలీలో గడ్డీ బురదా నిండినా, ఫ్యాను బెల్టు సడలినా ఆ వేడి నిజమే.

అన్నీ బాగుంటే తీగ చూడండి. చాలా బండ్లలో అది ఒరుసుకుని ఇనుముకు తగిలితే ముల్లు పైకి లేస్తుంది, తెగితే కింద పడుతుంది. డీజిలు ముల్లూ దాంతోపాటే ఊగితే ఎర్తు చూడాలి.

తీగ తెగితే కూలి కోయడం ఏ న్యాయం? ముందు పరీక్ష, తర్వాతే తీర్పు!