విద్యార్థియే చెప్పవలసిన లెక్క



పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశమనగా మనమెరిగిన పద్ధతి యొక్కటే. తండ్రి వచ్చును, ఉపాధ్యాయుడు మార్కుల పట్టీ చూపి గుణదోషములు చెప్పును, పిల్లవాడు గడపకావల నిలిచి భయపడుచుండును. ఎవనిగూర్చి ప్రసంగమో వానికే యందు మాట లేదు. తన చదువు లెక్కను విద్యార్థియే తల్లిదండ్రులకు ఒప్పగింపవలెనని నేడు నా మనవి.

ఇది మనకు బొత్తిగా క్రొత్త గాదు. పూర్వము వీథిబడుల బాలురు దసరా పండుగకు పూలబాణములు చేతబట్టి, పంతులుగారి వెంట ఇంటింటికి పోయి, నేర్చిన పద్యములు చదివెడివారు. పంతులుగారికి కట్నమును, బాలురకు పప్పుబెల్లములును దొరకెడివి. బిడ్డ చదువును తల్లి చెవులార వినెడి దినమది. అయినను అందు వచ్చినదే వినబడెడిది. రానిది మరుగుననే యుండెడిది.

రానిదానిని గూడ బిడ్డచేతనే చెప్పించుట యీ పద్ధతి విశేషము. సమావేశమునకు వారము ముందుగా విద్యార్థి తాను చేసిన పనులలో మూడింటిని ఏరుకొనును: బాగుగా చేసినదొకటి, తప్పినదొకటి, తప్పి దిద్దుకొన్నదొకటి. తల్లిదండ్రుల యెదుట గూర్చుండి వానిని చూపుచు, తానేమి నేర్చెనో, ఎచట చిక్కుపడెనో, ఇకమీద నేమి చేయదలచెనో చెప్పును. ఉపాధ్యాయుడు ప్రక్కనుండి మరచినదానిని అందించును. దాచుదునన్నను నోటుపుస్తకము సాక్ష్యము పలుకును. ఇంటి కష్టము, అనారోగ్యము వంటి సంగతులున్న పెద్దలు వేరుగ మాటలాడుకొందురు.

నా యుద్యోగకాలపు సంగతి యొకటి. మూడవ తరగతి బాలుడొకడు తీసివేతలలో తరచు తప్పుచుండెను. నేను వాని తండ్రిని పిలిపించి, "మీవాడు లెక్కలలో మందుడు" అంటిని. ఆయన చదువెరుగని కృషీవలుడు. తప్పేదో తెలియక, ఇంటికి పోయి బిడ్డను కొట్టెను. బాలుడు మూడు దినములు బడికి రాలేదు. ఆ దోషము నాది.

మరుసటి సారి బాలునిచేతనే పలక పట్టించితిని. 52 నుండి 27 తీసివేయగా 35 అని తాను వ్రాసిన లెక్కను చూపి, "పదులనుండి యొక పది అప్పు తెచ్చితిని గాని, అక్కడ నొకటి తగ్గించుట మరచితిని, 25 రావలెను" అని తానే చెప్పెను. తండ్రి నవ్వి, "అప్పిచ్చినవాని సంచి తరుగదట్రా?" అనెను. నేను మందుడన్నపుడు ఆయనకు కోపమే మిగిలినది. బిడ్డ తప్పును చూపినపుడు దానిని దిద్దు ఉపాయము దొరకినది. ఆ మాట బాలునికి నా పాఠముకంటె గట్టిగా నాటినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డల హాజరును, పురోగతిని తెలుపవలెనని విధించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రగతిపత్రమున విద్యార్థి తన్ను దాను పరీక్షించుకొనుటకును చోటిచ్చినది. 2024 డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున ఇట్టి సమావేశములు జరిగినవి. కుర్చీలు వేయుట యైనది. వానిలో నొకటి బిడ్డకు వేయవలసి యున్నది.

ఆ చట్టము ననుసరించి పాఠశాల యాజమాన్య సంఘమున నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులే. కావున రాబోవు సమావేశమున మీరే యీ మాట నెత్తుడు. ఒక్క నియమము మాత్రము మరువవలదు: నిజము చెప్పిన బిడ్డను అచటగాని, ఇంటికి పోయిగాని దండింపరాదు. దండించినచో మరుసటి యేట ఆ బిడ్డ నోట నిజము రాదు.