తూటా ధరలో ఆ రెండు రూపాయలు

మా జిన్నారంలో ఎవరినైనా "ఇక్కడ ఏం తయారు చేస్తారు?" అని అడగండి. ఠక్కున "మందులు" అంటారు. బొల్లారం, గడ్డపోతారం వైపు ఉన్నవి ఎక్కువగా బల్క్ డ్రగ్ కంపెనీలే కదా! కానీ మన సంగారెడ్డి జిల్లాలో ఇంకో మందుకు, అంటే మందుగుండుకు, సంబంధించిన ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గర భానూరులో భారత్ డైనమిక్స్ యూనిట్ ఉంది. ట్యాంకుల్ని పేల్చే కొంకుర్స్-ఎం క్షిపణులు రష్యా లైసెన్స్‌తో అక్కడ తయారవుతాయి. ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. బీఎంపీ-2 సారథ్ యుద్ధ వాహనాలు అక్కడివే. కొంకుర్స్ క్షిపణిని ఆ వాహనం మీద నుంచి కూడా ప్రయోగిస్తారు.

ఇలాంటి ఫ్యాక్టరీల వెనక చిన్న చిన్న వర్క్‌షాపులు చాలా ఉంటాయి. మా బాబాయ్ అలాంటి ఒక సీఎన్‌సీ షాపులో ఆపరేటర్. పోయిన ఎండాకాలం వాళ్ళకు రెండు నెలలు సరిగ్గా పని లేదు. "బయటి నుంచి చవగ్గా వస్తుందంట బిడ్డా" అన్నాడు. నేను వెంటనే "దిగుమతి మీద డ్యూటీ పెంచితే సరిపోతుంది కదా బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, విషయం అంత సింపుల్ కాదని.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే. విదేశీ గుండు ఒకటి ₹100 అనుకుందాం. అదే గుండు ఇక్కడ చేస్తే ₹102 పడుతుంది. అందులో ₹60 విలువైన భాగాలు దిగుమతివే. ఆ భాగాల మీద 10 శాతం సుంకం ఉంటే ఇంకో ₹6 కలిసి మన గుండు ₹108 అవుతుంది.

మొదటి కేసు: రెడీమేడ్ గుండు మీద సుంకం లేదు, భాగాల మీద ఉంది. ₹100కి ₹108 పోటీ. టెండర్ విదేశీ కంపెనీకే పోతుంది. దీన్నే తలకిందుల సుంకం అంటారు. తయారైన సరుకు తెచ్చేవాడికి లాభం, ఇక్కడ తయారు చేసేవాడికి శిక్ష.

రెండో కేసు: రెండింటి మీదా 10 శాతం. ₹110కి ₹108. మనవాళ్ళు గెలుస్తారు.

మూడో కేసు: గుండు మీద 10 శాతం, భాగాల మీద సున్నా. ₹110కి ₹102. ఈసారి తేడా బాగా కనిపిస్తుంది.

ఇక్కడే అసలు ట్విస్ట్. సైన్యానికి గుండ్లు కొనేది ప్రభుత్వమే, సుంకం వసూలు చేసేదీ ప్రభుత్వమే. ₹110 పెట్టి కొంటే అందులో ₹10 తిరిగి ఖజానాకే వస్తుంది. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టు. అయితే రక్షణ శాఖకు ఇచ్చిన బడ్జెట్ మాత్రం ఆ మేరకు కరిగిపోతుంది. ₹11,000తో 110 గుండ్లు రావాల్సిన చోట 100 మాత్రమే వస్తాయి.

అమెరికాలో కథ వేరు. అక్కడ మామూలు జనం కూడా షాపులో తూటాలు కొంటారు. తూటా గొట్టాన్ని ఎక్కువగా ఇత్తడితో చేస్తారు. ఇత్తడి అంటే రాగి, జింక్. 2025 ఆగస్టు నుంచి అక్కడ రాగి రేకులు, గొట్టాలు లాంటి వాటి దిగుమతి మీద 50 శాతం సుంకం వేశారు. ఇలా ముడిసరుకు మీద సుంకం పడితే, స్వదేశీ తూటా కంపెనీకి కూడా ఖర్చు పెరుగుతుంది. చివరికి ఆ భారం కొనేవాడి జేబు మీదే పడుతుంది.

మన దేశం ఈ లెక్కను చాలాసార్లు మార్చింది. 2015 జూన్‌లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలకు, ప్రభుత్వ రక్షణ కంపెనీలకు ఉన్న ఎక్సైజ్ మినహాయింపు తీసేశారు. ప్రైవేటు కంపెనీలు వాటితో సమానంగా పోటీ పడాలని. 2016 ఏప్రిల్ నుంచి రక్షణ దిగుమతులకు ఉన్న కస్టమ్స్ మినహాయింపునూ తీసేశారు. 2019 జూలై బడ్జెట్‌లో మళ్ళీ ఇచ్చారు, కానీ ఒక కండిషన్‌తో: ఇక్కడ తయారు కాని వాటికి మాత్రమే. మన భాషలో చెప్పాలంటే ఇఫ్-ఎల్స్ పెట్టారు. నాకు ఇదే తెలివైన పద్ధతి అనిపించింది. ఇక్కడ దొరకనిదాని మీద సుంకం వేస్తే సైన్యానికి ఖర్చే తప్ప ఏ వర్క్‌షాపుకీ పని రాదు కదా.

2020 ఆగస్టులో ఇంకో అడుగు వేశారు. 101 రకాల రక్షణ సామగ్రి దిగుమతిని దశలవారీగా ఆపేస్తామని జాబితా ఇచ్చారు. అంటే సుంకం కాదు, ఏకంగా గేటు మూయడమే. ఇందులో రిస్క్ కూడా ఉంది. పోటీ లేకపోతే ఇక్కడి కంపెనీ ధర తగ్గించాలని ఎందుకు చూస్తుంది?

మళ్ళీ మన ఉదాహరణకు వద్దాం. రెండో కేసులో మన గుండుకి ₹108 ఇస్తే ₹6 ఖజానాకు తిరిగొస్తుంది. నికర ఖర్చు ₹102. విదేశీ గుండుకి నికర ఖర్చు ₹100. సుంకాలన్నీ పక్కన పెడితే దేశం నిజంగా అదనంగా పెట్టేది ఆ రెండు రూపాయలే. దానికి బదులుగా ఇక్కడ ఒక మెషిన్ తిరుగుతుంది, ఒక పనితనం నిలుస్తుంది, యుద్ధం వచ్చినప్పుడు వేరే దేశం దయ మీద ఆధారపడే పని తగ్గుతుంది. రెండు రూపాయలైతే నేను సరే అంటాను. అదే నలభై రూపాయలైతే? అప్పుడు ఆలోచించాలి. సుంకం ఆ తేడాను కప్పిపెట్టగలదు కానీ తగ్గించలేదు.

తగ్గించేది ఏంటో బాబాయ్‌నే అడిగాను. ఆయన సుంకం మాటే ఎత్తలేదు. "మూడేండ్ల ఆర్డర్ చేతిలో ఉందనుకో, ఓనరు కొత్త మెషిన్ కొంటడు, వేస్టేజ్ తగ్గుతది, రేటు దానంతటదే దిగుతది. ఈ నెల ఉండి వచ్చే నెల లేకపోతే ఎవడు కొంటడు?" అన్నాడు. 2022 ఫిబ్రవరిలో కొంకుర్స్-ఎం కోసం సైన్యం భారత్ డైనమిక్స్‌తో ₹3,131.82 కోట్ల ఒప్పందం చేసుకుంది. మూడేళ్ళలో సరఫరా చేయాలని. బాబాయ్ చెప్పేది అలాంటి ఆర్డర్ గురించే.

అందుకే వచ్చే బడ్జెట్ రోజు "సుంకం పెరిగిందా, తగ్గిందా" అని మాత్రమే చూడకండి. పెరిగింది గుండు మీదా, గుండులోని భాగాల మీదా అని చూడండి. నేనైతే ఆ రోజు బాబాయ్‌కి ఫోన్ చేసి, ఈసారి సలహా ఇవ్వకుండా ముందు ఆయన్నే అడుగుతాను.