రాగి నాణెం మీద మచ్చ – టంకశాల తప్పా? మన తప్పా?



సంక్రాంతి సెలవుల నుంచి తిరిగి వస్తూ మా గదిలోని మిత్రుడొకడు వాళ్ల నానమ్మ దాచుకున్న రాగి నాణెం తెచ్చాడు. అది 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ, అంటే పావు అణా. అలాంటివి 64 అయితే ఒక రూపాయి. నల్లగా ఉందని అందరం కలిసి చింతపండు, ఉప్పు వేసి తోమాము. తళతళలాడింది. అంచు దగ్గర ఒక గీత బయటపడింది. "ఇది టంకశాలలో జరిగిన తప్పురా, లక్షలు పలుకుతుంది" అన్నాడొకడు. ఫోన్లో ఎవరో కొంటామన్నారు, కానీ ముందుగా ఫీజు పంపమన్నారు. మావాడు కాస్మెటిక్ చార్జీల డబ్బు పంపబోతుంటే వార్డెన్ గారు ఆపారు. "ముందు ఆ గీత ఏమిటో తెలుసుకోండి" అన్నారు. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాము.

నాణెం ఎలా తయారవుతుందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. రాగి రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. ఆ బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. అచ్చులో బొమ్మ గుంటగా ఉంటుంది కాబట్టి నాణెం మీద ఉబ్బెత్తుగా పడుతుంది. అచ్చు పగిలితే ఆ పగుల్లోకీ రాగి చొచ్చుకుపోయి, నాణెం మీద ఉబ్బిన గీత వస్తుంది. అది టంకశాల తప్పు. తర్వాత మేకో కత్తో తగిలితే గీత లోపలికి దిగుతుంది. అది దెబ్బ. వేలిగోరు ఆనించి చూస్తే చాలు, తేడా తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. రేకులోనే మలినం ఉంటే రాగి పొరలుగా లేస్తుంది. అక్కడ పల్లంగా ఉన్నా అది తయారీ లోపమే.

అంచు కొరికినట్టు నెలవంకలా పోయిందా? బిళ్ల కోసేటప్పుడు పాత రంధ్రం మీదికి కోత జరిగితే అలా అవుతుంది. అలాంటి నాణెంలో సాధారణంగా ఎదురు అంచు కూడా బలహీనంగా పడుతుంది. ఎదురు అంచు చక్కగా ఉండి, కోత దగ్గర ఆకురాయి గీతలుంటే ఎవరో కోసినదే.

ఒక నాణెం అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ల మీద దాని బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోతుగా పడుతుంది. ఇది అరుదు. అందుకే మోసగాళ్లు రెండు నాణేలను ఇనుప పట్టకర్రలో బిగించి ఇలాంటి గుర్తు పుట్టిస్తారు. అసలు బొమ్మ చదునుగా నలిగి, దాని మీద తిరగబడిన బొమ్మ కనిపిస్తే అనుమానించాలి.

చిల్లు కాణీ సంగతి మరీ తమాషా. 1943 నుంచి 1947 వరకు వచ్చిన ఆ పైసాకు నడుమ చిల్లు యుద్ధకాలంలో లోహం మిగల్చడానికి కావాలనే పెట్టారు. దానికి చిల్లు లేకపోతేనే తప్పు! 1835 కాణీకి చిల్లుంటే మాత్రం ఎవరో మెడలోనో మొలతాడులోనో కట్టుకున్నారన్నమాట. అలాగే యంత్రాలు రాకముందు సుత్తితో కొట్టిన నాణేలమీద అచ్చు సగమే పడటం మామూలు విషయం. అది అరుదైన లోపం కాదు.

ఇక పైపూత. నలుపు, ముదురు గోధుమ రంగు రాగికి ఏళ్ల తరబడి పట్టిన కవచం. గట్టిగా అంటుకున్న పచ్చదనమూ అంతగా హాని చేయదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే మాత్రం ఉప్పు, తేమ కలిసి రాగిని తింటున్నట్టు. దాన్ని విడిగా, పొడిగా ఉంచాలి. 1809లో ఇంగ్లండు తీరాన మునిగిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడలో మద్రాసుకు రావలసిన 1808 నాటి రాగి కాసులు ఉన్నాయి. 1980లలో వాటిని పైకి తీస్తే, కొన్నింటి ముఖం ఉప్పునీటికి గరుకుబారి ఉంది. అలాంటి గుంటలు టంకశాలవి కావు.

మా నాణెం మీది గీత గోటికి లోపలికే తగిలింది. అంటే ఉత్త గీతే. పైగా అసలైన నష్టం మేమే చేశాము. చింతపండు పులుపుకు పోయిన ఆ నలుపు మళ్లీ తేలేము. మావాడు నాణేన్ని నానమ్మకు తిరిగి ఇచ్చేశాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాదేనా అయ్యా?" అని అడిగిందట. ఆ మాట విన్నాక మా గదిలో ఎవరమూ నవ్వలేకపోయాము.

పాత నాణేల పేరిట ఫీజు, పన్ను, కమీషన్ అడిగేవారిని నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా హెచ్చరించింది. కాబట్టి తమ్ముళ్లూ, మీ ఇంట్లో పాత నాణెం ఉంటే తోమకండి. అంచులు పట్టుకుని, భూతద్దంతో చూడండి. ఎవరికీ ముందుగా డబ్బు పంపకండి. దాని ధర ఎంతో తరువాత చూడవచ్చు. ముందు దాన్ని దాచినవాళ్లను అడిగి, దాని కథ రాసి పెట్టుకోండి.