చెప్పుకోలేని దురద

ఓ.పి.లో తలనొప్పి అనీ నీరసం అనీ చెప్పి, చీటీ రాయించుకొని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అప్పుడు గొంతు తగ్గించి అసలు బాధ చెప్పే స్త్రీలు ఎందరో. మర్మావయవాల దగ్గర దురద. ఎన్నాళ్ళనుంచి అంటే ఆరు నెలలంటారు. ఆ ఆరు నెలలూ ఊరికే కూర్చోరు. డెట్టాలుతో కడుగుతారు, పౌడరు చల్లుతారు, మెడికల్ షాపులో “దురదకు ట్యూబు” కొని రాస్తారు.

ముందు ఆ ట్యూబు సంగతి. అలా కొనేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద అణుగుతుంది, మానగానే రెట్టింపై వస్తుంది. ఫంగస్ మీద పోరాడే చర్మం శక్తిని స్టెరాయిడ్ తగ్గిస్తుంది కాబట్టి తామర లోలోపల పాకుతుంది. అసలే పలుచనైన చర్మం ఇంకా పలుచబడి మంట పుడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా చీటీ లేకుండా కొనేవారు ఉన్నారు.

దురద ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల గుర్తు. విరిగిన పాలలాగా తెల్లబట్ట అవుతూ, చర్మం ఎర్రగా కందిపోతే అది చాలావరకు కాండిడా అనే ఫంగస్. గర్భవతులకూ, యాంటీబయాటిక్‌లు వాడినవారికీ ఎక్కువగా వస్తుంది. మాటిమాటికీ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. కొందరిలో మధుమేహం బయటపడేదే ఈ దురదతో. మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి చక్కెర మూత్రంలో పోతుంది కనుక ఈ బాధ మరీ ఎక్కువ. మాత్ర మీ అంతట మీరు మానకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

పసుపుపచ్చగా, నురగతో, దుర్వాసనతో అవుతుంటే ట్రైకోమోనాస్ కావచ్చు. దానికి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. కాండిడా సంగతి వేరు. దానికీ నడవడికకూ సంబంధం లేదు. ఇంట్లో విచారణలు మొదలుపెట్టే అత్తగార్లు ఇది గమనించాలి.

గజ్జల్లో గుండ్రటి అంచుతో మచ్చలుంటే తామర. ఇంటిల్లిపాదీ ఒకే తువాలు వాడితే అందరికీ పాకుతుంది. రాత్రిళ్ళు అందరూ గోక్కుంటుంటే గజ్జి. ఆడపిల్ల రాత్రిపూట మాత్రమే ఏడుస్తుంటే నులిపురుగులు చూడండి.

మన వరంగల్‌లో మరో కారణం ఉంది. ఏనుమాముల మార్కెట్‌కు మిరప వచ్చే రోజుల్లో కాయలు ఏరి, తొడిమలు తీసిన చేతులతోనే మూత్రానికి వెళితే మంట పుట్టక మానదు. పచ్చళ్ళ కాలంలో ఇంట్లోనూ అంతే. అది జబ్బు కాదు, కారం. ఉత్త నీళ్ళకు పోదు. మూత్రానికి వెళ్ళకముందే చేతులకు నూనె రుద్ది, సబ్బుతో కడుక్కోవాలి.

ముట్లుడిగినవారి దురదను మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. హార్మోను తగ్గి చర్మం పొడిబారడం వల్ల రావచ్చు. కాని చర్మం తెల్లబడి, సిగరెట్ కాగితంలాగా ముడతలు పడితే లైకెన్ స్క్లెరోసస్ కావచ్చు. చూసినవారు బొల్లి అనుకుంటారు. బొల్లికి సాధారణంగా దురద ఉండదు. ఈ జబ్బుకు సరైన మందు గట్టి స్టెరాయిడ్ పూతే, అయితే డాక్టరు కనిపెట్టి చూస్తూ ఉండాలి. వైద్యం లేకుండా వదిలేస్తే కొద్దిమందిలో అది కాన్సరుగా మారుతుంది. మానని పుండు, గడ్డ, రక్తం కనబడితే ఆలస్యం వద్దు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

ఇంటి దగ్గర చేయవలసింది కొంచెమే. పైపైన మంచినీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. లోపల కడగరాదు. డెట్టాలు, పౌడరు, సెంటు సబ్బు మానాలి. నూలు లోదుస్తులు మేలు. వారంలో తగ్గకపోతే సి.కె.ఎం. ఆసుపత్రిలో గాని, దగ్గరలోని మరే ప్రభుత్వాసుపత్రి స్త్రీల ఓ.పి.లో గాని చూపించుకోండి. వచ్చేటప్పుడు అంతవరకు రాసిన ట్యూబులు, మింగిన మాత్రల అట్టలు పారెయ్యకుండా వెంట తీసుకురండి.