క్లచ్ లేని కారు: పూర్తిగా ఆగినంకనే దిగాలె

మా నాయిన సోలాపూర్ మిల్లులో సాంచెలు నడిపిండు. "సాంచె పూర్తిగా ఆగినంకనే చెయ్యి పెట్టాలె" అని ఎప్పుడూ చెప్పేటోడు. మిల్లు మూతపడ్డంక నేను స్టీరింగ్ పట్టిన. ఇరవై ఏండ్లు గేర్ల బండ్లు నడిపి, ఆటోమేటిక్ కారు దగ్గర ఆ మాట మర్చిపోయిన.

పుణెలో ఒక సేఠ్ దగ్గర కొత్తగా చేరిన రోజులు. గేటు తెరుద్దామని హ్యాండ్‌బ్రేక్ సగమే లాగి, లివర్ డి లోనే ఉంచి దిగిన. ఏసీ అందుకోగానే ఇంజన్ జోరు కొంచెం పెరిగింది. కారు తనంతట తానే కదిలింది. వాచ్‌మన్ తాత పక్కకు దూకి బతికిండు. గేటు వంగింది, నా జీతంలో సగం కోత పడింది.

మన పిల్లలు చాలామంది డ్రైవర్ పనికి పోతున్నరు, అందుకే రాస్తున్న.

మొదటిది, ఎడమకాలుకు పని లేదు. క్లచ్ అనుకొని బ్రేకు తొక్కితే కారు ఒక్కసారిగా ఆగుతది, వెనకోడు గుద్దుతడు. బ్రేకుకూ యాక్సిలేటర్‌కూ కుడికాలే. డి లో ఉన్నంతసేపు బ్రేకు వదిలితే కారు నడుస్తది, సిగ్నల్ దగ్గర ఇది యాదుంచుకోండి.

పార్కింగ్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి పూర్తిగా ఆపండి. ఎన్ లో వేసి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగండి. కాలు మెల్లగా సడలించి, కారు కదలట్లేదని చూసుకోండి. మళ్ళీ బ్రేకు తొక్కి, పి లో పెట్టి ఇంజన్ ఆపండి. పి అంటే బ్రేకు కాదు. గేరుబాక్సులో ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రంలో పడి పట్టుకుంటది, అంతే. వాలు మీద బండి బరువంతా దానిమీదనే వేస్తే, తీసేటప్పుడు లివర్ బిగుసుకొని ఠక్కుమంటది. కదిలే కారును పి లోకి మారిస్తే గేరుబాక్సే పాడైతది.

2014లో సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ రకంలో చాలా బండ్లకు పి ఉండదు. వాటిని గేరులోనే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఇంజన్ ఆపాలె. కొత్త బండి ఎక్కితే ముందు లివర్ మీది అక్షరాలు చదవండి.

తుల్జాపూర్ ఘాట్ దిగేటప్పుడు నూనె మిగులుతదని ఎన్ లో వేయకండి. చిన్న గేరు వేస్తే ఇంజనే బండిని పట్టి దింపుతది, బ్రేకులు వేడెక్కవు.

ఇప్పటికీ కారు ఆపి దిగబోతుంటే, గేటు దగ్గరి తాత నవ్వుకుంటనే అడుగుతడు: "హ్యాండ్‌బ్రేక్ లాగినవా?"