రాతి మీద పేరు... కోడ్‌లోనూ పేరు!

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని శాసనాల్లో అఖండ దీపాలకు గొర్రెలు దానమిచ్చినవాళ్లు ఎందరో కనిపిస్తారు. ఎవరిచ్చారు, ఏమిచ్చారు... అంతా రాతి మీదే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌దీ అదే పద్ధతి!

1991లో లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్సే 2005లో ‘గిట్’ తయారుచేశారు. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో అది రాసిపెడుతుంది.

మరి మన ఊరి కుర్రాళ్లూ ఓ చెయ్యి వేయాలంటే? ముందు ఆ ప్రాజెక్టు నియమాలు చదవాలి. చిన్న లోపాన్ని ఎంచుకోవాలి. కోడ్‌కు నకలు తీసుకుని, అందులో సరిచేసి, పరీక్షించి, ఎందుకు మార్చారో నాలుగు ముక్కల్లో రాసి పంపాలి. నిర్వాహకులు చూసి తప్పులు చెబుతారు. కొత్తవాళ్లు చిన్నబుచ్చుకుని మానేసేది ఇక్కడే. అది కాదనడం కాదు, దిద్దించడం. ఓపిగ్గా సరిచేసి మళ్లీ పంపాలి. నచ్చితే కలుపుకొంటారు.

కోడ్ రాయడం రాదా? తెలుగొస్తే చాలు! ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు మాటలు చేర్చింది స్వచ్ఛంద అనువాదకులే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపిస్తున్నదీ అలాంటివాళ్లే.

అక్షరదోషం ఒక్కటి దిద్దినా పేరు నమోదవుతుంది. ఆనాడు గొర్రెల పాల నెయ్యితోనేగా గుడిలో దీపం వెలిగింది!