విహారయాత్రకు ఏ కత్తి?

కళాశాల విహారయాత్రకు బయలుదేరే విద్యార్థులలో గొడ్డలి తెచ్చే వీరుడొకడు తప్పక ఉంటాడు. ఒక పూట వనభోజనానికి జానెడు చాకు చాలు. మడతచాకు అయితే, తెరచిన పిదప అలుగు కదలక బిగిసి నిలిచేదై ఉండాలి; లేనిచో మొనతో గుచ్చినప్పుడు వేళ్ల మీదికే ముడుచుకుంటుంది. మొద్దుబారిన కత్తి మరింత ప్రమాదకరం. బలం కొద్దీ నొక్కవలసి వస్తుంది, జారుతుంది.

తోటలో గుడారం వేసి రెండు మూడు రాత్రులు గడిపేవారికి, యజమాని అనుమతితో వెదుళ్లు నరకడానికి మచ్చుకత్తి, ఎండుకట్టెలు చీల్చడానికి చిన్న గొడ్డలి ఉపకరిస్తాయి. ఈ చిన్న గొడ్డలే మోసకారి. పెద్ద గొడ్డలి గురి తప్పితే చాలావరకు నేలలో దిగుతుంది. పొట్టి పిడి గలది నేలను చేరకముందే కాలిని చేరుతుంది. మా విద్యార్థి ఒకడు నిలబడి కట్టె కొట్టబోయి ఏడు కుట్లతో ఇల్లు చేరాడు. మోకాళ్లపై కూర్చుండి, కట్టెను దుంగ మీద ఉంచి కొడితే తప్పిన వేటు నేలకే పోతుంది.

ఇక నల్లమలలోని అభయారణ్యం సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కత్తిని సైతం ఆయుధంగానే పరిగణిస్తుంది. లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే దానితో ప్రవేశించరాదు. అక్కడికి కూరలు ఇంటి వద్దనే తరిగి తీసుకొని వెళ్లాలి.